నాటకంలో నేతగాడు మారాడు, మా నాన్న మారతారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బరంపురం. నేత కుటుంబం. నాన్నకు 67 ఏళ్లు. నలభై ఏళ్లు పట్టుచీరలు నేసి, నాలుగేళ్ల కిందట మగ్గం ఆపేశారు. పోయిన ఏడాది అమ్మ చనిపోయింది. అప్పటినుంచి ఏం చెప్పినా "ఏటి లాభం?" అంటారు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. తిండి తగ్గిపోయింది. పోయిన నెల మా ఊరి తెలుగువాళ్లు వేసిన నాటకానికి బలవంతంగా తీసుకెళ్లాను. అన్నిటి మీదా ఆశ వదిలేసిన ఒక నేతగాడు, అమ్మేయబోయిన మగ్గం మీదే మళ్లీ కూర్చోవడం అందులో కథ. అయ్యాక బయట టీ తాగుతూ తలా ఒక మాట అన్నారు. ఒక రిటైర్డ్ మాస్టారు "ఒక్క రంగంలో మనిషి మారిపోతాడా? అంతా ఉత్తిది" అన్నారు. మా పిన్ని కళ్లు తుడుచుకుంటూనే ఉంది. కుర్రాళ్లు మొదటి గంట సాగదీశారన్నారు. నాన్న మాత్రం "ఆడికి రాసినోడున్నాడు, మనకెవుడున్నాడు" అన్నారు. కాసేపాగి, "నాడె అలా విసరరు" అన్నారు (నాడె అంటే మగ్గం మీద అడ్డదారాన్ని అటూ ఇటూ మోసుకెళ్లేది). ఇది ఆయన స్వభావమా, జబ్బా? ఇలాంటి నాటకాలు చూపిస్తే మారతారా? ఈమధ్య "నేనూ ఎల్లిపోతే మీకు సుఖం" అంటున్నారు.
— ఒక పాఠకుడు

జవాబు: మీరు చివర్లో రాసిన మాట దగ్గరే మొదలుపెడతాను. "నేనూ ఎల్లిపోతే" అన్న మాటను పెద్దవాళ్ల నిట్టూర్పుగా వదిలేయకండి. ఈ రోజే పక్కన కూర్చుని, "నాన్నా, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. అలా జరగదు. చాలామంది అడిగినందుకు ఊరట పడతారు. ఆయన అవునంటే, లేదా ఏం చెప్పకుండా తల తిప్పుకుంటే, ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, ఎక్కువగా ఉన్న మాత్రలు తీసి దాచేయండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అర్ధరాత్రయినా 14416కి ఫోన్ చేయవచ్చు. అది మానసిక బాధల్లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ లైన్, 2022లో మొదలైంది, డబ్బు తీసుకోరు, భాష ఎంచుకోవచ్చు.

ఇక స్వభావమా, జబ్బా అన్న ప్రశ్న. చిన్నప్పటినుంచీ అన్నిట్లో చెడే ముందు చూసే మనుషులుంటారు. వాళ్లు తింటారు, నిద్రపోతారు, పండక్కి కొత్త బట్టలు కట్టుకుంటారు. మీ నాన్నగారు అమ్మగారు పోయాక మారారు. మూడింటికే మెలకువ, తిండి తగ్గడం, దేని మీదా మనసు లేకపోవడం, చావు మాటలు... ఇవి రెండు వారాలు దాటి దాదాపు రోజూ ఉంటే మేం డిప్రెషన్‌గానే చూస్తాం. భార్య పోయిన దుఃఖం నిజమే, దానికి జబ్బు పేరు పెట్టి తీసేయను. కానీ దుఃఖంలో ఉన్న మనిషికి మధ్యమధ్య మనవడి మాటకు నవ్వొస్తుంది. అదీ రావడం లేదంటే వైద్యం కావాలి.

బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మొదటిసారి మీరూ వెంట వెళ్లండి. ఆయన తన బాధ తెలుగులోనే చెప్పనివ్వండి, డాక్టరుకి అర్థం కాకపోతే మీరు ఒడియాలో చెప్పండి, ఆయన మాట తగ్గించకుండా. మన పెద్దవాళ్లు "మనసు బాలేదు" అనరు, "ఒళ్లంతా నీరసం, గుండె దడ" అంటారు. థైరాయిడ్, రక్తహీనత, బి12, షుగర్, సోడియం పరీక్షలు అడుగుతారు, చేయించండి. వీటిలో తేడా ఉన్నా మనిషి ఇలాగే దిగాలుగా ఉంటాడు.

మాత్రలు రాస్తే భయపడకండి. పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వారం వాడి "లాభం లేదు" అని ఆపేసేవాళ్లను ఎంతమందినో చూశాను, బాధేస్తుంది. అలవాటుపడిపోతామన్న మాట కూడా నిజం కాదు, అయితే ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు. ఈ వయసులో కొన్ని మందులతో రక్తంలో సోడియం పడిపోవచ్చు కాబట్టి బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది) వాడుతుంటే డాక్టరుకి ముందే చెప్పండి.

ఇప్పుడు నాటకం. చివరి రంగం గురించి నాది మాస్టారి అభిప్రాయమే, ఏ మనిషీ ఒక రాత్రిలో తిరగడు. కుర్రాళ్లకు సాగినట్టు అనిపించిన ఆ మొదటి గంట మీ ఇంట్లో ఏడాదిగా నడుస్తోంది. అయినా మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది ఆ "నాడె అలా విసరరు" అన్న మాటే. దేని మీదా మనసు లేని మనిషి కళ్లు ఆ నటుడి చేతుల మీద నిలిచాయి. తప్పు పట్టారు. అంటే ఆ చేతుల్లో విద్య ఇంకా మేలుకునే ఉంది.

1967లో సెలిగ్మన్, మేయర్ అనే శాస్త్రవేత్తలు కుక్కలతో ఒక ప్రయోగం చేశారు. ఏం చేసినా ఆగని కరెంటు షాకులకు అలవాటుపడ్డ కుక్కల్లో చాలావరకు, తర్వాత తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా కదల్లేదు. తర్వాతి ఏడాది, తాడు పట్టుకుని పదేపదే అడ్డుగోడ దాటించాక, అవి మళ్లీ సొంతంగా దాటాయి. మనిషిని కుక్కతో పోలుస్తున్నానని అనుకోకండి. ఆశ కలిగాక లేచి పని చేస్తారని మనం ఎదురుచూస్తాం. డిప్రెషన్‌లో అది తిరగబడుతుంది, ముందు చేయి కదలాలి, మనసు ఆలస్యంగా వెంట వస్తుంది. ఈ సూత్రం మీదే మేం చికిత్స కూడా చేస్తాం.

కాబట్టి "ధైర్యంగా ఉండు నాన్నా" అని బోధించకండి. "ఏటి లాభం?" అంటే వాదించకండి, వాదిస్తే ఆయనే గెలుస్తారు. పని అడగండి, చిన్నది, రోజూ ఒకే వేళకి. మనవడికి కండె (నాడెలో పెట్టే దారపు చుట్ట) చుట్టడం నేర్పమనండి, పది నిమిషాలు చాలు. మూడోరోజు మానేస్తే కోప్పడకుండా నాలుగోరోజు మళ్లీ అడగండి. తెల్లారి ఎండలో కాసేపు నడకకి మీరు తోడు వెళ్లండి. ఇవన్నీ మందుకి తోడుగానే, మందుకి బదులు కాదు.

మరో నాటకానికి తీసుకెళ్లవచ్చు, ఆయన రానంటే లాగకండి. వస్తే "బాగుందా?" అని అడక్కండి, లేదనే అంటారు. "నాడె ఎలా విసరాలి నాన్నా?" అని అడగండి, ఆయన చేయి చూపించేదాకా అక్కడే ఉండండి.