మీరడిగారు: ఫ్రంట్ లోడ్ మెషీను, మన నీళ్ళు

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ల మీద నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మెషీను తిరుగుతుంటే అద్దంలో అడుగున కాసిని నీళ్ళే కనిపిస్తున్నాయి. ఇంత తక్కువ నీళ్ళతో మురికి పోతుందా? సబ్బు అర లాగి పైనుంచి ఒక బకెట్ నీళ్ళు పోస్తున్నాం. పర్వాలేదా? (కావలి)

పోయకండి. ఆ బకెట్ వల్ల ఉతుకు చెడుతుందే తప్ప బాగుపడదు.

మెషీన్లో రెండు తొట్లుంటాయి. బయటి ప్లాస్టిక్ టబ్బు కదలదు, నీళ్ళు అందులో నిలుస్తాయి. లోపల చిల్లుల స్టీలు డ్రమ్ము తిరుగుతుంది. డ్రమ్ము గోడకు లోపలివైపు ఉబ్బెత్తుగా ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి. ఉతికేటప్పుడు డ్రమ్ము నిమిషానికి సుమారు 45 నుంచి 55 చుట్లు, కాసేపు ఇటూ కాసేపు అటూ తిరుగుతుంది. రెక్కలు తడిబట్టను పైదాకా ఎత్తి వదిలేస్తాయి, అది తన బరువుతోనే దబ్బున కింద పడుతుంది. చాకిరేవులో బండ మీద బాదినట్టే ఇదీ. వేగం 90 దాటితే బట్టలు గోడకు అంటుకుపోయి ఇక పడవు. స్పిన్‌కు ముందు బట్టల్ని సమంగా సర్దుకోవడానికి మెషీను ఆ వేగాన్ని వాడుకుంటుంది.

కాబట్టి మురికి వదిలేది ఆ దెబ్బకు. నీళ్ళు ఎక్కువైతే బట్ట తేలిపోతుంది, దెబ్బ తగలదు. నురగ ఎక్కువైనా అంతే. డ్రమ్మును కుక్కి నింపినా బట్టకు పడే చోటుండదు. బట్టల పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ వదలండి. సబ్బు ప్యాకెట్ మీది కొలతతో మొదలుపెట్టి, అద్దంలో మూడోవంతుకు మించి నురగ కనిపిస్తే తగ్గించుకోండి. చేత్తో ఉతికే పొడి మాత్రం వేయొద్దు, ఫ్రంట్ లోడ్ అని రాసి ఉన్నదే వాడండి.

ప్రశ్న: మావి బోరు నీళ్ళు, పప్పు కూడా సరిగా ఉడకదు. 60 డిగ్రీల ప్రోగ్రాం పెడితే పావుగంటలోపే కరెంటు ట్రిప్ అవుతోంది. చల్లనీళ్ళ ప్రోగ్రాంలో ఏ ఇబ్బందీ లేదు. మెకానిక్ మెషీన్ ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలంటున్నారు. (పొదిలి)

బోర్డు జోలికి వెళ్ళకముందు హీటర్ చూడమనండి. మీరు చెప్పిన లక్షణాలు హీటర్ వైపే చూపిస్తున్నాయి.

టబ్బు అడుగున, డ్రమ్ము కింద, సుమారు 2000 వాట్ల హీటర్ కడ్డీ ఉంటుంది. బోరు నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగలగానే సున్నంలా విడిపోయి ఆ కడ్డీ మీదే గారగా పేరుకుంటాయి. గార మందమయ్యేకొద్దీ కడ్డీ వేడి నీళ్ళకు చేరదు. కడ్డీ లోలోపల కాగిపోయి, పై తొడుగు పగులుతుంది, నీళ్ళు లోపలికి దిగి కరెంటు ఎర్తుకు పారుతుంది. అందుకే హీటర్ ఆన్ అయ్యాక ట్రిప్ అవుతోంది. మెకానిక్‌ను ప్లగ్గు తీసి, హీటర్ వైర్లు విప్పి మీటరుతో కొలవమనండి. రెండు కొసల మధ్య 25 నుంచి 30 ఓములు రావాలి. కొసకూ ఎర్తు పిన్నుకూ మధ్య ఏమీ చూపకూడదు. చూపితే హీటర్ పోయినట్టే. హీటర్ మారిస్తే చాలు, బోర్డు ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. ట్రిప్ అవుతోందని ఎర్తు తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, ప్రాణం మీదికొస్తుంది.

కొత్త హీటర్ పడ్డాక రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేసి, సబ్బు లేకుండా 60 డిగ్రీల కాటన్ ప్రోగ్రాం నడపండి. అదే సమయంలో బ్లీచింగ్ కలపకూడదు, విషవాయువు వస్తుంది. రోజువారీ బట్టలకు చల్లనీళ్ళో 30 డిగ్రీలో చాలు. మరో మాట: ఆర్వో ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్ళు పట్టి మెషీనుకు వాడేవాళ్ళున్నారు. వాటిలో ఉప్పు మామూలు నీళ్ళకంటే ఎక్కువ. బయట గచ్చు కడుక్కోండి, మెషీనుకు వద్దు.

ప్రశ్న: ఉతకడం అయ్యాక నీళ్ళు లోపలే నిలిచిపోతున్నాయి, స్పిన్ తిరగదు, తలుపు తెరుచుకోదు. (ఒంగోలు)

నీళ్ళు బయటికి పోతేనే స్పిన్ తిరుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. మెకానిక్‌ను పిలిచేముందు డ్రెయిన్ ఫిల్టర్ చూడండి.

ప్లగ్గు తీసేయండి. వేడి ప్రోగ్రాం పెట్టి ఉంటే నీళ్ళు చల్లారనివ్వండి. కింద కుడి మూలన చిన్న మూత ఉంటుంది. అది తెరిస్తే గుండ్రటి ఫిల్టర్ బిరడా, చాలా మోడళ్ళలో పక్కనే సన్నటి రబ్బరు గొట్టం కనిపిస్తాయి. కింద పళ్ళెం పెట్టి ముందు ఆ గొట్టంతో నీళ్ళు వదలండి. గొట్టం లేకపోతే బిరడాను ఎడమకు పావు చుట్టు చొప్పున తిప్పుతూ కొంచెం కొంచెంగా వదలండి. ఒక్కసారే విప్పితే ఇల్లంతా నీళ్ళు. బిరడా బయటికి లాగాక నూలుపీచు, చీర పిన్నులు, రూపాయి బిళ్ళలు తీసేసి కడగండి. తర్వాత టార్చి వేసి గూడు లోపలికి చూడండి, పంపు చిన్న రెక్క కనిపిస్తుంది. పుల్లతో కదిపితే ఆగి ఆగి తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అది సహజమే. అసలు కదలకపోతే పిన్నో వెంట్రుకలో చుట్టుకున్నట్టు. బిరడా బిగించేటప్పుడు రబ్బరు వాషర్ మీద ఇసుక లేకుండా తుడవండి, లేకపోతే కారుతుంది.

తలుపు గురించి: లాక్ లోపలి లోహపు పట్టీ చల్లారేదాకా ఒకటి రెండు నిమిషాలు తెరుచుకోదు. గుంజితే హ్యాండిల్ విరుగుతుంది.

ప్రశ్న: పై అంతస్తు మాది, మెషీన్ నీళ్ళు రావట్లేదని ఎర్రర్ చూపిస్తోంది. కుళాయిలో నీళ్ళు బాగానే వస్తున్నాయి. (నెల్లూరు)

మీ ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే ఉండడం వల్ల ఒత్తిడి చాలదు. నీటిమట్టం ఒక మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడి వస్తుంది. చాలా మెషీన్లకు కనీసం 0.3 నుంచి 0.5 బార్, అంటే మూడు నుంచి అయిదు మీటర్ల ఎత్తు కావాలి. ముందు ఇన్‌లెట్ పైపు విప్పి, మెషీన్ వైపున్న జల్లెడను పాత టూత్‌బ్రష్‌తో కడగండి. బోరు ఇసుకతో అది పూడిపోతుంటుంది. అయినా రాకపోతే చిన్న ప్రెషర్ పంపు పెట్టించుకోవడమే దారి.

ప్రశ్న: కొత్త మెషీను స్పిన్‌లో ఎగిరెగిరి పడుతోంది. (కందుకూరు)

వెనకవైపు రవాణా బోల్టులు తీశారో లేదో చూడండి. టబ్బు కదలకుండా బిగించి పంపే బోల్టులవి, తీయకపోతే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు పనిచేయవు. తీసినవాటిని పారేయొద్దు, ఇల్లు మారేటప్పుడు కావాలి. ఒక్క మందపాటి దుప్పటి వేసినా ఇలాగే ఊగుతుంది, దానికి తోడు రెండు తువ్వాళ్ళు వేయండి.

ప్రశ్న: సముద్రం పక్కనే ఇల్లు. మెషీన్ అడుగు తుప్పు పడుతోంది, తలుపు రబ్బరు వాసనొస్తోంది. (మైపాడు)

తుప్పుకు కారణం ఉప్పుగాలి. బాల్కనీలోంచి లోపలికి మార్చి, వారానికోసారి తడిగుడ్డతో, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. కాళ్ళ కింద నీళ్ళు నిలవనీయొద్దు. వాసన రబ్బరు మడతలో నిలిచిన నీళ్ళది. ప్రతి ఉతుకు తర్వాత ఆ మడత తెరిచి తుడిచి, తలుపూ సబ్బు అరా కొంచెం తెరిచి ఉంచండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం ప్లగ్గు తీసి, ఆరగానే తలుపు మూసేయాలి, వాళ్ళు డ్రమ్ములోకి దూరే ప్రమాదం ఉంది.