క్రోకస్ ప్లేట్ మీద గోధుమ మరకలు పోవాలంటే

మీ క్లారిస్ క్లిఫ్ (బ్రిటిష్ సిరామిక్ డిజైనర్) క్రోకస్ పువ్వుల ప్లేట్ మీద గోధుమ మరకలు ఎంత తోమినా పోవట్లేదని అడిగారు కదా, ఆ మచ్చ పైన లేదండీ, గ్లేజ్ (పైనుండే గాజులాంటి పూత) కింద ఉంది. ఈ ప్లేట్ ఎర్తెన్‌వేర్, అంటే కాల్చిన మట్టితో చేసింది, లోపలి మట్టి నీళ్లు పీలుస్తుంది, గ్లేజ్‌లోని సన్నటి పగుళ్లలోంచి ఏళ్ల తరబడి టీ, నూనె దిగిపోయాయి.

బ్లీచ్ మాత్రం అస్సలు వద్దు, దాని ఉప్పు లోపలే గడ్డకట్టి గ్లేజ్‌ని పెచ్చులుగా లేపేస్తుంది.

1. ముందు డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టండి. అందరూ వదిలేసేది ఇదే. పొడి ప్లేట్ మీద డైరెక్ట్‌గా మరక తీసే మందు (కింద చెప్పిన పెరాక్సైడ్) పెడితే మట్టి దాన్ని గబగబా తాగేసి మరకని కూడా ఇంకా లోపలికి లాక్కుపోతుంది, ముందే నీళ్లు పట్టి ఉంటే ఆ బాధ చాలావరకు ఉండదు. రంగు పొలుసులుగా ఊడుతుంటే మాత్రం నానబెట్టకండి.

2. మెడికల్ షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్, 3 నుంచి 6 శాతం చాలు. దూది తడిపి మచ్చ మీదే పెట్టి ప్లాస్టిక్ కవర్ కప్పండి, రోజూ దూది మార్చండి.

3. పువ్వులకి తగలనివ్వకండి. 1928లో మొదలైన ఈ డిజైన్‌లో రంగులు గ్లేజ్ పైన వేసినవి. ఒక్కో రేకు ఒక్క కుంచె గీత, తర్వాత ప్లేట్ తలకిందులుగా తిప్పి ఆకులు లాగేవాళ్లు, అంత అందమైన గీత లేచిపోతే మళ్లీ రాదు.

4. చివర్లో నీళ్లు మారుస్తూ మళ్లీ నానబెట్టి, నీడలో వారం పైనే ఆరనివ్వండి.