షటిల్ బ్యాడ్మింటన్‌లో స్మాష్ (పైనుంచి కిందికి బలంగా బాదే షాట్) కొడితే భుజం నొప్పి, వేగం మాత్రం రావడం లేదు. అసలు బలం ఎక్కడి నుంచి రావాలి?

రిస్ట్ బాగా వాడమని అందరూ చెబుతున్నారు, వాడినా షటిల్ దూసుకుపోవడం లేదు, మర్నాడు పొద్దున చెయ్యి పైకి లేవడం లేదు అని రాశారు. రెండింటికీ కారణం ఒకటే అనుకుంటున్నానండి. ఒళ్లంతా కలిసి చెయ్యాల్సిన పనిని మీ చెయ్యి ఒక్కటే చేస్తోంది. ఉప్పల్ వైపు ఒక ఇండోర్ కోర్టులో చాలా ఏళ్లుగా డబుల్స్ ఆడుతున్నాను, ఆదివారాలు కాలనీ పిల్లలకు నేర్పిస్తాను. పెద్దయ్యాక ఆట మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమందిది మీ సమస్యే.

ముందు మణికట్టు సంగతి. మోచేతిని నడుముకు ఆనించి, అరచెయ్యి పైకి ఉండేలా పెట్టండి. ఇప్పుడు దాన్ని నేల వైపు తిప్పండి. తిరిగింది మణికట్టు కాదు. ముంజేతిలోని రెండు ఎముకల్లో బొటనవేలి వైపుది రెండోదాని మీదుగా అడ్డంగా దాటింది. స్మాష్‌లో చివరి క్షణంలో జరగాల్సింది ఈ తిరుగుడే. దానితోపాటు భుజం దగ్గర పైచెయ్యి లోపలికి తిరుగుతుంది. రాకెట్ తలకు వేగం ఎక్కువగా ఈ రెండింటి వల్లే వస్తుంది, మణికట్టు వంచితే కలిసేది తక్కువ. రాకెట్ ముఖం నేరుగా నెట్ వైపు చూసేలా పట్టుకుంటే ఈ తిరుగుడుకు చోటే ఉండదు. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు వదులుగా పట్టుకోండి, షటిల్ తగిలే క్షణంలో మాత్రమే వేళ్లు బిగించండి.

మరి ఆ తిరుగుడుకు ఊపు ఎక్కడిది? నేల నుంచి. మీది కుడిచేతి ఆటైతే, షటిల్ పైకి లేవగానే కుడి కాలు వెనక్కి వెళ్లాలి, ఒళ్లు నెట్‌కు పక్కగా తిరగాలి, ఎడమ చెయ్యి షటిల్ వైపు లేవాలి. కుడి కాలు నేలను తన్నగానే ముందు తుంటి తిరుగుతుంది, తర్వాత ఛాతీ, ఆ వెనక భుజం, మోచెయ్యి, చివరికి ముంజెయ్యి. అన్నీ ఒకేసారి కదిలితే లాభం లేదు. ముందుది నెమ్మదించే వేళకు తర్వాతిది వేగం అందుకోవాలి. తుంటి తిరిగిపోయి చెయ్యి ఇంకా వెనకే ఉన్న ఆ లిప్తపాటులో ఛాతీ కండరాలు సాగుతాయి. సాగిన వెంటనే ముడుచుకునే కండరం ఎక్కువ బలం ఇస్తుంది. రాకెట్‌ను ముందే వెనక్కి పెట్టుకుని ఎదురుచూస్తూ నిలబడితే ఆ బలం పోతుంది.

గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీలో తయారైన అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో జపాన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. (అది రాకెట్‌ను వదిలిన క్షణంలో వేగం. ఐదు గ్రాముల షటిల్ కదా, ఈకలకు గాలి అడ్డుపడి అవతలి కోర్టు చేరేలోపే బాగా తగ్గిపోతుంది.) అతని స్మాష్ వీడియోలు స్లో మోషన్‌లో పెట్టుకుని రాకెట్‌ను వదిలేసి తుంటిని చూడండి. నేను పిల్లలకు ముందు చూపించేది అదే.

ఇక నొప్పి. కొట్టడం కంటే, కొట్టాక చేతిని ఆపడం భుజానికి కష్టమైన పని. భుజం కీలులో గిన్నె లోతు చాలా తక్కువ. ఎముకను అందులో నిలబెట్టేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. వాటిలో వెనకవైపువి సాగుతూనే బిగుసుకుని చేతికి బ్రేకు వేస్తాయి. కాళ్లు, తుంటి సాయం లేకుండా చేత్తోనే బాదితే వాటి మీద భారం పెరుగుతుంది. షటిల్ తల వెనక్కి జారాక కొట్టడం ఇంకా చెడ్డది. అది మీకంటే కాస్త ముందు, పైన ఉండగానే తగలాలి. అంటే చాలాసార్లు భుజం నొప్పికి మూలం కాళ్లు ఆలస్యం కావడమే.

హైటెక్ సిటీలో పొద్దంతా కుర్చీలో వంగి, ట్రాఫిక్‌లో ఇంకో గంట కూర్చుని, కోర్టులోకి రాగానే స్మాష్‌లు మొదలుపెట్టేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. వీపు పైభాగం బిగుసుకుపోయి ఉంటుంది. అది వెనక్కి విచ్చుకోకపోతే ఆ లోటు భుజం పూడ్చాలి. నాతో ఆడే ఒకాయన భుజం నొప్పితో వెళితే ఫిజియోథెరపిస్ట్ మొదట నేర్పింది వీపు తిప్పే వ్యాయామం. ఇద్దరం ఆశ్చర్యపోయాం. కొన్ని వారాలకు ఆయన స్మాష్ శబ్దమే మారింది.

మీరు ప్రస్తుతానికి స్మాష్ ఆపి టాస్ (షటిల్‌ను ఎత్తుగా వెనక కోర్టుకు పంపడం), డ్రాప్ (నెట్ దగ్గర మెల్లగా పడేయడం) మాత్రం ఆడండి, నొప్పి లేకపోతేనే. ఫోన్‌ను కోర్టు పక్కన పెట్టి స్లో మోషన్‌లో తీయించుకోండి. కాలు, తుంటి, మోచెయ్యి వరుస కనబడుతుంది. ఇంట్లో వ్యాయామానికి వాడే రబ్బర్ బ్యాండ్‌ను తలుపు గడియకు కట్టి, మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి లాగండి, వెనక్కి వచ్చేటప్పుడు చాలా నెమ్మదిగా రండి. బ్రేకు వేసే కండరాలు గట్టిపడేది ఆ నెమ్మదిలోనే. ఆటకు ముందు పది నిమిషాలు వీపు, తుంటి కదిలించండి. రన్నింగ్ బూట్లు వద్దు, మందమైన మెత్తటి సోల్ మీద చీలమండ మడత పడుతుంది. గమ్ సోల్ ఉన్న షటిల్ బూట్లు కొనుక్కోండి.

రాత్రి నొప్పి ఉన్న భుజం పక్కకు పడుకోలేకపోతున్నా, చెయ్యి పక్కనుంచి ఎత్తేటప్పుడు బలం లేనట్టుంటే, ఇవన్నీ పక్కన పెట్టి ముందు ఎముకల డాక్టర్‌కు చూపించండి.