భయమంతా పట్టపగలే జరిగింది

చిరంజీవి అమ్మాయికి,

దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ తీసిన మూడు బ్యాట్‌మన్ సినిమాల మీద, వాటి ప్రభావం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. మొదటి వాక్యం దగ్గరే చిరాకు పుట్టింది. "2005కు ముందు సూపర్‌హీరో సినిమాలన్నీ పిల్లల ఆటలే, నోలన్ వచ్చి వాటికి చీకటి నేర్పాడు" అని మొదలుపెట్టావు. ముసలితనంలో మళ్లీ ముసుగు తొడిగిన బ్యాట్‌మన్‌ను ఫ్రాంక్ మిల్లర్ కామిక్స్‌లో గీసింది 1986లో. టిమ్ బర్టన్ 'బ్యాట్‌మన్' 1989లో వచ్చింది, అదీ మసిబొగ్గు రంగే. 1998 నాటి 'బ్లేడ్' నిండా నెత్తురూ నల్లతోలూ. దాన్ని రాసిన డేవిడ్ గోయరే ఏడేళ్ల తర్వాత నోలన్‌తో కలిసి 'బ్యాట్‌మన్ బిగిన్స్' రాశాడు. 2000లో 'ఎక్స్‌మెన్' కూడా కామిక్స్‌లోని పసుపు బట్టలు విప్పేసి నల్లతోలు తొడుక్కుంది. నువ్వు చెప్పదలుచుకున్న చీకటి అప్పటికే బజార్లో దొరుకుతోంది. మరి నోలన్ కొత్తగా తెచ్చిందేమిటన్న ప్రశ్న నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

'ది డార్క్ నైట్'లోని ప్రభుత్వ న్యాయవాది హార్వే డెంట్ నాణెం మీద రాసిన రెండు పేరాలు బాగున్నాయి. కాలకముందు రెండువైపులా బొమ్మే కాబట్టి అతను అదృష్టానికి ఏదీ వదల్లేదనీ, ఒకవైపు మాడాకే అది నిజంగా పందెం నాణెం అయిందనీ పట్టుకున్నావు. మిగతా వ్యాసాన్ని ఆ కళ్లతో చూసి రాయలేదు.

'ది డార్క్ నైట్' మళ్లీ పెట్టుకో. కథ తెలిసిందే కాబట్టి వదిలెయ్. ఏది పగలు, ఏది రాత్రి, వెలుతురు ఎటునుంచి వస్తోంది, అంతవరకే చూడు. బ్యాంకు దోపిడీ పట్టపగలు. కమిషనర్ సంతాప ఊరేగింపులో కాల్పులు పట్టపగలు. ఆసుపత్రి పేలేదీ పగలే, అందుకోసం షికాగోలో ఒక పాత మిఠాయి ఫ్యాక్టరీ కట్టడాన్ని నిజంగానే కూల్చారు. ఇక విచారణ గది. మొదట బల్లదీపం ఒక్కటే, విలన్ జోకర్ సగం నీడలో. పోలీసు అధికారి గోర్డన్ బయటికి వెళ్లగానే లైట్లన్నీ ఒక్కసారిగా వెలుగుతాయి, జోకర్ వెనక బ్యాట్‌మన్ నిలబడి ఉంటాడు. గబ్బిలం వేషం వేసుకున్న మనిషి ఆ తెల్లటి వెలుతురులో దాక్కోవడానికి చోటు లేక నిస్సహాయంగా కనిపిస్తాడు. సినిమా మొత్తంలో అతను పూర్తిగా ఓడిపోయే చోటు అదే, అక్కడ నీడ అన్నదే లేదు. లారీ తిరగబడేది రాత్రే, కాదనను. అదీ షికాగో లాసాల్ వీధిలో నిజం లారీనే, కింద పిస్టన్ అమర్చి తిప్పారు.

జోకర్ బల్ల మీద పెన్సిల్ నిలబెట్టి ఒకడి తల దాని మీదికి మోదే సీను కూడా ఇలాగే చూడు. ఒక్క నెత్తుటి బొట్టు కనపడదు. తల కిందికి వెళ్తుంది, చప్పుడు వినిపిస్తుంది, పెన్సిల్ మాయమవుతుంది. అమెరికాలో ఆ సినిమాకు వచ్చింది పీజీ-13. పిల్లల్ని రానిచ్చే సర్టిఫికెట్‌తోనే పెద్దవాళ్ల వెన్నులో చలి పుట్టించారు. ఆ పని చేసింది ఎడిటింగూ శబ్దమూ. రంగుకు అందులో వాటా చాలా తక్కువ.

'బిగిన్స్' దగ్గరికి వద్దాం. నీ వ్యాసంలో దానికి ఒకే పేరా ఇచ్చావు, నాకు అదే అసలైనది. సూటులో బ్యాట్‌మన్ కనిపించేసరికి సినిమా మొదలై సుమారు గంట అవుతుంది. ఆ గంటలో ప్రతి వస్తువుకూ బిల్లు చూపిస్తారు. సూటు సైనికుల కోసం తయారైంది, ఒక్కోటి 3 లక్షల డాలర్లు. సైనికుడి ప్రాణం అంత చెయ్యదని లెక్కలవాళ్లు అనుకున్నారని కంపెనీ మనిషి లూషియస్ ఫాక్స్ చెబుతాడు. ముసుగు ఒక్కటే కొంటే అనుమానం వస్తుందని 10,000 ఆర్డరు పెడతారు. మొదటి విడతలో గ్రాఫైట్ మిశ్రమం సరిగా కుదరక ముసుగు పగులుతుంది. డిస్కౌంట్ మాత్రం ఇచ్చారని బ్రూస్, అంటే ఆ ముసుగు వెనకున్న మనిషి, సరిపెట్టుకుంటాడు. టంబ్లర్ అనే బండి నది మీద తాళ్ల వంతెన వేయడానికి సైన్యం కోసం కట్టింది. బ్రూస్ అడిగేది ఒక్కటే, అది నల్లరంగులో దొరుకుతుందా అని. ఇంత లెక్క నడిచాక ఆ మనిషి మేడ మీంచి దూకితే నమ్ముతాం. నమ్మిన తర్వాతే భయం.

ఇదీ నా వాదన, ఎవరు కాదన్నా వదలను. నోలన్ తెచ్చింది లెక్క. ఈ వస్తువు ఎక్కణ్నుంచి వచ్చింది, ఈ పనికి ధర ఎంత, ఆ ధర ఎవరు కట్టారు. రెండో సినిమా చివర డెంట్ హత్యల్ని బ్యాట్‌మన్ తన నెత్తిన వేసుకుంటాడు. ఆ అబద్ధం మీదే మూడో సినిమాలో ఒక చట్టమూ, ఆ చట్టం కింద జైళ్లు నిండా ఖైదీలూ. అప్పు ఒక సినిమాలో చేసి, వడ్డీ ఇంకో సినిమాలో కట్టించాడు. అనుకరించినవాళ్లు ఈ లెక్కను పక్కనబెట్టి, చేతికి సులువుగా అందినవి తీసుకున్నారు: బూడిదరంగు, బొంగురు గొంతు, చచ్చిపోయిన తండ్రి.

ఇంకొకటి కూడా తీసుకున్నారు, నువ్వు గమనించలేదు. విలన్ కావాలనే పట్టుబడటం. 2008లో జోకర్, 2012లో 'అవెంజర్స్'లో లోకీ, అదే ఏడాది 'స్కైఫాల్'లో సిల్వా, 2013లో 'స్టార్ ట్రెక్ ఇన్‌టు డార్క్‌నెస్'లో ఖాన్. నలుగురినీ గదిలోనో గాజు పంజరంలోనో పెట్టి మాట్లాడిస్తారు. 'స్కైఫాల్' మీద 'ది డార్క్ నైట్' ప్రభావం ఉందని దర్శకుడు శామ్ మెండెస్ బాహాటంగానే చెప్పాడు, కాబట్టి అక్కడ ధైర్యంగా రాయి. నోలన్ ప్రభావం పడిందని నువ్వు రాసిన బాండ్ సినిమా 'క్యాసినో రొయాల్' మాత్రం కొట్టెయ్. దాని దర్శకుణ్ని 2005 ఫిబ్రవరిలోనే ప్రకటించారు, 'బిగిన్స్' వచ్చింది జూన్‌లో. 'ఐరన్ మ్యాన్' కూడా కొట్టెయ్, అది 2008 మే 2న విడుదల, 'ది డార్క్ నైట్' జులై 18న. వెనక వచ్చినది ముందు దాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది? ప్రభావం గురించి రాసేవాళ్లు ముందు తారీఖులు వరసలో పెట్టుకోవాలి. ఎడిటర్లు మొదట కోసేది ఈ తారీఖుల్నే, పాఠకుడికి బరువట. కోసిన చోట వంద కోట్ల డాలర్ల వసూళ్ల లెక్క పెట్టమంటారు. ఆ లెక్క బరువు కాదు కాబోలు.

'మ్యాన్ ఆఫ్ స్టీల్' మీద నీ తిట్లు ఎక్కువయ్యాయి. దానికి నోలన్ నిర్మాతల్లో ఒకడు, గోయర్ రాశాడు, జాక్ స్నైడర్ తీశాడు. లోపం రంగులో కంటే లెక్కలో ఉంది. ఊరు సగం కూలిపోతుంది, సూపర్‌మన్ విలన్ జాడ్ మెడ విరిచి అరుస్తాడు, కాసేపటికే సరదా సంభాషణల్లోకి వెళ్లిపోతాం. ఆ బాకీ 2016లో 'బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్' మొదట్లో చెల్లించారు. కూలుతున్న మేడల కింద దుమ్ములోకి బ్రూస్ వేన్ పరుగెత్తే ఆ కొన్ని నిమిషాలు చాలా మంచివి. మిగతా సినిమా అక్కడిదాకా రాలేదు. అమెరికాలో రెండో వారాంతం వసూళ్లు 69 శాతం పడిపోయాయి.

మసక తెర సంగతి కూడా రాయి, విమర్శకులు దాన్ని ముట్టుకోరు. 2డీకి తెర మీద ఉండాల్సిన వెలుతురు 14 ఫుట్-లాంబర్ట్‌లు (తెర వెలుతురు కొలిచే ప్రమాణం). 3డీ కళ్లద్దాలు పెట్టాక కంటికి అందేది అందులో మూడోవంతు, ఒక్కోసారి అదీ ఉండదు. ల్యాంపు పాతబడితే ఇంకా తక్కువ. అసలే నలుపెక్కించిన బొమ్మ ఆ తెర మీద పడితే బురదే. నోలన్ ఈ మూడు సినిమాల్నీ 3డీ చెయ్యలేదు. 'ది డార్క్ నైట్'లో సుమారు 28 నిమిషాలు పెద్ద ఫిల్మ్ వాడే ఐమాక్స్ కెమెరాతో తీశాడు, మూడోదాంట్లో గంటకు పైగా. హైదరాబాద్ ప్రసాద్స్‌లో ఐమాక్స్ ఫిల్మ్ తెర ఉన్న కాలంలో నువ్వు చిన్నదానివి. ఇప్పుడు ఫోన్‌లో చూసి రాయకు. నెట్ వేగం తగ్గితే ముందు దెబ్బతినేవి ముదురు నీడలే, నలుపులో గళ్లు గళ్లుగా కనపడతాయి. ఆ గళ్ల తప్పు ఛాయాగ్రాహకుడి మీద వేస్తావు. బ్లూరే సంపాదించు, గదిలో దీపం ఆర్పు, టీవీలో రంగులు పెంచే ఆ 'వివిడ్' మోడ్ తీసెయ్.

నోటుబుక్కులో అడ్డంగా ఐదు గడులు గీసుకో: నిమిషం, చోటు, పగలా రాత్రా, వెలుతురు ఎటునుంచి, నష్టపోయింది ఎవరు. 'ది డార్క్ నైట్', 'మ్యాన్ ఆఫ్ స్టీల్', 2022 నాటి 'ది బ్యాట్‌మన్', ఈ మూడింటికీ నింపు. సినిమాకు రెండుసార్లు పడుతుంది, మొదటిసారి గడులు నింపుతూ కథలో పడిపోతావు. మాట్ రీవ్స్ తీసిన ఈ చివరి సినిమా నిజంగానే చీకటిగా ఉంటుంది. అయినా ప్రతి సీన్లో ఒక నారింజ దీపమో, ఎర్రటి మంటో చోటు చెబుతూ ఉంటుంది. ఛాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్. అతని మీద ఒక పేజీ రాయవచ్చు.

ఆస్కార్ పేరాలో ఒక మెలిక వదిలేశావు. 2009లో 'ది డార్క్ నైట్' ఉత్తమ చిత్రం పోటీలోకి రాలేదు, జోకర్‌గా వేసిన హీత్ లెడ్జర్‌కు మరణానంతరం బహుమతి వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే అకాడమీ ఐదు చోట్లను పది చేసింది, ఈ సినిమా వల్లేనని చాలామంది అన్నారు. అలా తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్లిన మొదటి సూపర్‌హీరో సినిమా 'బ్లాక్ పాంథర్', నిలువెల్లా రంగులే. నీ వాదానికి ఇది అడ్డు తగులుతుంది, అందుకే రాయాలి. 'జోకర్' అనే సినిమా ఆ తర్వాతి ఏడాది పోటీలోకి వచ్చింది.

హాన్స్ జిమ్మర్ సంగీతం మీద పేజీ మొత్తం తీసెయ్. విశేషణాలు తప్ప ఏమీ లేదు. జోకర్‌కు చెల్లో మీద ఒకే స్వరం సాగదీసి వాడాడన్న సంగతి ఒక్కటి ఉంచితే చాలు.

నాణెం పేరాలు కదిలించకు. గడులు నింపిన కాగితాలు కూడా వ్యాసంతోపాటు పంపు, వ్యాసం కంటే ముందు అవి చూస్తాను. ఈసారి పేజీ నంబర్లు వెయ్యి.

ఆశీస్సులతో.