మూడు సిమ్‌లు, ఒకే టవర్

"రాకెట్లకీ, ఉపగ్రహ ఇంటర్నెట్‌కీ ప్రభుత్వాలు ప్రైవేటు కంపెనీల మీద ఆధారపడితే ప్రమాదం కాదా?" అని అడిగారు. నేను రాకెట్ల మనిషిని కాను. విశాఖలో చాలాకాలం మొబైల్ టవర్ల మెయింటెనెన్సు చేశాను. అక్కడ చూసినదాన్ని బట్టే చెబుతాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. కరెంటు పోయింది. బ్యాటరీలు కొన్ని గంటలు లాగాయి, ఆ తర్వాత అంతా డీజీ మీదే, అంటే డీజిల్ జనరేటర్ మీదే. డీజిల్ బండి కూలిన చెట్ల మధ్య ఇరుక్కుపోతే, 20 లీటర్ల క్యాను భుజాన వేసుకుని కొమ్మలు దాటుకుంటూ ఒక సైటుకి వెళ్లాను. గేటు దగ్గర ఒకాయన అరచేతిలో మూడు సిమ్‌లు పెట్టుకుని నిలబడ్డాడు. "తమ్ముడూ, వీటిలో ఏది పనిచేస్తుంది?" మూడు కంపెనీల యాంటెన్నాలూ ఆ టవర్ మీదే ఉన్నాయి. డీజీ మాత్రం ఒకటే. ఆయన మూడు కంపెనీలను నమ్ముకున్నాననుకున్నాడు, నిజానికి నమ్ముకున్నది నా క్యానుని. ఇంకో సంగతి, డీజిల్ ముందు ఎక్కడ పోయాలో చెప్పింది మా సూపర్‌వైజరు. ఆసుపత్రి పక్క సైటు ఆగమని, బిల్లింగ్ ఎక్కువున్న ఈ సైటుకి పంపాడు.

అందుకే ప్రైవేటా, సర్కారుదా అన్నది నాకు పెద్ద విషయం కాదు. రెండో దారి నిజంగా ఉందా, మీట ఎవరి చేతిలో ఉంది అన్నదే చూస్తాను.

2011లో తన స్పేస్ షటిల్ ఆగిపోయాక అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఏళ్లతరబడి రష్యా సోయజ్ నౌకలో సీట్లు కొనుక్కుంది. ఆ బాధ తెలుసు కాబట్టే 2014లో వ్యోమగాముల్ని తీసుకెళ్లే పని బోయింగ్, స్పేస్‌ఎక్స్ అనే రెండు ప్రైవేటు కంపెనీలకీ ఇచ్చింది. మంచి పనే చేసింది. 2024లో బోయింగ్ నౌక స్టార్‌లైనర్ మొరాయించి ఖాళీగా తిరిగొస్తే, అందులో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 2025 మార్చిలో స్పేస్‌ఎక్స్ నౌక డ్రాగన్‌లో దిగారు. మూణ్ణెల్లు తిరక్కుండానే ట్రంప్‌తో మాటామాటా పెరిగి, డ్రాగన్‌ని ఆపేస్తానని స్పేస్‌ఎక్స్ అధిపతి మస్క్ పోస్టు పెట్టాడు! కొన్ని గంటల్లో వెనక్కి తీసుకున్నాడనుకోండి. కానీ అమెరికా చేతిలో మనుషుల్ని అంతరిక్ష కేంద్రానికి చేర్చే నౌక అప్పటికి అదొక్కటే.

ఉక్రెయిన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2022 ఫిబ్రవరి 24న, రష్యా దాడి మొదలైన రోజే, అక్కడ ఉపగ్రహ ఇంటర్నెట్ ఇచ్చే వయాశాట్ కంపెనీ మోడెములు సైబర్ దాడిలో చచ్చాయి. కొద్దిరోజుల్లోనే స్పేస్‌ఎక్స్ వారి ఉపగ్రహ ఇంటర్నెట్ స్టార్‌లింక్ వచ్చి ప్రాణం పోసింది, కాదనను. తర్వాత రష్యా చేతిలో ఉన్న క్రిమియాలోని సెవాస్టపోల్ రేవు దాకా సేవ ఆన్ చేయమంటే తాను ఒప్పుకోలేదని 2023లో మస్కే చెప్పాడు. అది తప్పో ఒప్పో తేల్చేంతవాణ్ణి కాను. నాకు మాత్రం మా సూపర్‌వైజరే గుర్తొచ్చాడు.

మన ఇస్రో కూడా 4,700 కిలోల జీశాట్-ఎన్2 ఉపగ్రహాన్ని 2024 నవంబరులో స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్-9 మీదే పంపింది. మన ఎల్‌వీఎం3 రాకెట్‌కి అంత బరువు ఎక్కువ. ఇందులో నాకు తప్పేం కనిపించదు. సొంత లారీ చాలకపోతే బయట లారీ మాట్లాడుకుంటాం. శ్రీహరికోటకి తాళం వేయనంత వరకూ ఫర్వాలేదు.

ఆ రోజు డీజీ స్టార్టయ్యాక ఆయన సిమ్‌లు ఒక్కొక్కటే ఫోన్లో మార్చి మార్చి చూసుకున్నాడు. మూడింటికీ సిగ్నల్ వచ్చింది.