పాత ఎర్ర ప్రైమర్ ఉన్న ఇనుమును గ్యాస్‌తో కోస్తే ముక్కుకు గుడ్డ, బెల్లం ముక్క సరిపోతాయా?

మీ బాబాయి గారు పాత గోడౌన్ షెడ్డు విప్పే పనిలో గ్యాస్ కట్టర్ అని, పైరంగు కింద నారింజ ఛాయలో ఎర్ర పూత కనిపిస్తోందని, ముక్కుకు గుడ్డ కట్టుకుని సాయంత్రం బెల్లం తింటే చాలని మేస్త్రీ అంటున్నాడని రాశారు. చాలదండి. ఆ పూతలో సీసం ఉంటే దాని పొగ, దుమ్ము ఒంటికి విషం. విశాఖ వైపు పాత షెడ్లు, ట్యాంకులు విప్పే పనుల్లో ఫోర్‌మన్‌గా చేశాను, అందుకే కాస్త వివరంగా చెప్తున్నాను.

రెడాక్సైడ్ అయితే ఇటుక ఛాయలో ఉంటుంది, అది ఇనుప ఆక్సైడ్. సిందూరం ఛాయలో ఉంటే రెడ్ లెడ్ కావచ్చు, అది సీసపు ఆక్సైడ్. తుప్పు పట్టకుండా పాత వంతెనలకీ, కప్పును మోసే ఇనుప చట్రాలకీ (ట్రస్సులు) మొదటి కోటు దానితోనే వేసేవారు. అయినా కంటితో తేల్చేయకండి, పైన వేసిన పసుపు రంగులో కూడా సీసం ఉండొచ్చు. రుద్ది చూసే పరీక్ష పుల్లలు సీసం తగిలితే ఎర్రబడతాయి, ఎర్ర పూత మీద ఏది ఏదో తెలియదు. ఇనుము కనిపించేదాకా అన్ని పొరలూ కలిపి పెచ్చు తీసి ల్యాబ్‌కు పంపించండి. ఫలితం వచ్చేదాకా సీసం ఉన్నట్టే లెక్క. షెడ్డు మరీ పాతది కాదులే అని వదలకండి. 2017 నవంబరు నుంచి మన దేశంలో అమల్లో ఉన్న 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) సీసం పరిమితి ఇళ్ల రంగులకూ అలంకరణ రంగులకూ మాత్రమే.

అసలు ప్రమాదం మంటతో వస్తుంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కటింగ్ మంట 3000 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వేడికి సీసం ఆవిరై లేచే పొగ ఎంత సన్ననిదంటే గుడ్డలోంచి నేరుగా లోపలికి పోతుంది. అందుకే మాస్కు కంటే ముందు పని పద్ధతి మార్చమని అడగండి. బోల్టులు ఊడితే ఊడదీసి, క్రేన్‌తో పెద్ద ముక్కలుగా దించి, కింద హైడ్రాలిక్ షియర్‌తో (కత్తెరలా కోసే యంత్రం) కోయొచ్చు. మంట తప్పదనుకున్న చోట కోత గీతకు రెండు వైపులా నాలుగేసి అంగుళాలు పూత తీసేయాలి. మూసి ఉన్న చోట్లకు అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా సంస్థ నిబంధన కూడా ఇదే, మేము ఆరుబయట కూడా పాటించాం. నీళ్లు చల్లుతూ చేతి స్క్రాపర్‌తో గీకడం మేలు. పొడిగా గ్రైండర్ పెడితే ధూళి సైటంతా పరుచుకుంటుంది. పెయింట్ రిమూవర్ వాడితే మంట పెట్టేముందు పూర్తిగా కడిగి ఆరనివ్వాలి. కొన్నింట్లో క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఉంటాయి, వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. రాలిన పెచ్చులు టార్పాలిన్ మీద పట్టి ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి, మట్టిలో కలపకూడదు.

ఆ తర్వాతే మాస్కు. పీ100 లేదా పీ3 ఫిల్టర్లున్న (సన్నని పొగను కూడా ఆపే రకాలు) రబ్బరు మాస్కు కావాలి, గడ్డం ఉంటే అది మొహానికి అతకదు. ముక్క పట్టుకుని గాలివాటున నిలబడే హెల్పర్‌కి కూడా ఇప్పించండి, అతన్ని అందరూ మర్చిపోతారు.

నేను చేసిన ఒక సైట్లో ఒక కట్టర్ కడుపునొప్పి, మలబద్ధకం అంటూ గ్యాస్ మాత్రలు మింగుతూ తిరిగాడు. ఏం పని చేస్తావని ఒక డాక్టరు గారు అడిగి రక్తంలో సీసం పరీక్ష రాశాక బయటపడింది. నన్ను ఇప్పటికీ బాధించేది అతని చిన్నపాప సంగతి. ఆ పాప రక్తంలోనూ సీసం తేలింది. సైట్ బట్టలతోనే ఇంటికెళ్లి పిల్లను ఎత్తుకునేవాడు, ఆ బట్టలు ఇంటి బట్టలతోనే ఉతికేవారు. మీ ఇంట్లో పసిపిల్లలుంటే ఇది అస్సలు వాయిదా వేయకండి. సైట్లోనే స్నానం చేసి బట్టలు, బూట్లు అక్కడే వదిలి రావాలి.

బెల్లం సీసాన్ని బయటికి లాగదు. ఆ దుమ్ము చేతులతో తింటే పైపెచ్చు లోపలికి పంపినట్టే, బీడీ, ఖైనీ కూడా అంతే. చేతులు, మొహం, గోళ్లు సబ్బుతో కడిగాకే తినాలి. ఖాళీ కడుపుతో ఉంటే సీసం ఎక్కువ ఒంటబడుతుంది కాబట్టి అన్నం తిని పనిలోకి దిగమనండి.

బాబాయి గారు ఇప్పటికే కోస్తున్నారు కనుక ఈ వారంలోనే రక్తంలో సీసం పరీక్ష చేయించండి, మామూలు సీబీపీలో అది కనిపించదు. పని మానేశాక చేయించుదామనుకోవద్దు. రక్తంలో సీసం దాదాపు నెలలో సగానికి పడిపోతుంది, ఎముకల్లో చేరింది మాత్రం దశాబ్దాలు ఉంటుంది. ఆలస్యంగా చూసి అంకె తక్కువ వచ్చిందని డాక్టరు దగ్గరకు వెళ్లడం మానకండి.