ఆంక్షల జాబితాలో అల్యూమినియం కుబేరుడు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రష్యా పారిశ్రామికవేత్త ఒలెగ్ డెరిపాస్కా అమెరికా ప్రభుత్వం మీదే దావా వేసి ఓడిపోయారని చదివాను. ఆయన అంత సంపన్నుడు ఎలా అయ్యారు? అమెరికా ఆయనపై ఆంక్షలు ఎందుకు విధించింది?

జవాబు: డెరిపాస్కా 1968లో పుట్టారు. దక్షిణ రష్యాలోని క్రాస్నొడార్ ప్రాంతంలో తాతల ఇంట పెరిగి, మాస్కో స్టేట్ యూనివర్సిటీలో భౌతికశాస్త్రం చదివారు. ఆయన పట్టా పుచ్చుకున్న 1993 నాటికి సోవియట్ యూనియన్ కూలిపోయింది. శాస్త్రవేత్తలకు జీతాలు సరిగా అందని ఆ రోజుల్లోనే ప్రభుత్వ కర్మాగారాల వాటాలు చవగ్గా చేతులు మారుతుండేవి. లోహాల వ్యాపారంలోకి దిగిన ఆయన సైబీరియాలోని సయనొగోర్స్క్ అల్యూమినియం కర్మాగారంలో వాటాలు కూడబెట్టి, 1994లో, ఇరవై ఆరేళ్ల వయసులో, దాని డైరెక్టర్ జనరల్ అయ్యారు.

అల్యూమినియం తయారీ ఖర్చులో పెద్ద భాగం కరెంటుదే. యెనిసెయ్, అంగారా నదులపై సోవియట్ ప్రభుత్వం కట్టిన భారీ జలవిద్యుత్ కేంద్రాలకు దగ్గరగా ఉన్న కర్మాగారాలు ఎవరి చేతికి వస్తే వారికి ప్రపంచ మార్కెట్లో తిరుగుండదు. వాటి కోసం 1990లలో ప్రాణాలు తీసుకునేదాకా వెళ్లిన పోరును రష్యాలో ‘అల్యూమినియం యుద్ధాలు’ అనే పిలుస్తారు. ఆ పోరులో చివరికి నిలదొక్కుకున్న కొద్దిమందిలో డెరిపాస్కా ఒకరు. 2000లో మరో రష్యన్ కుబేరుడు రోమన్ అబ్రమోవిచ్ బృందంతో చేతులు కలిపి రూసాల్ సంస్థను ఏర్పాటు చేశారు. 2007లో మరో రష్యన్ సంస్థ సువాల్‌ను, స్విట్జర్లాండ్ వ్యాపార సంస్థ గ్లెన్‌కోర్‌కు చెందిన అల్యూమినా (అల్యూమినియం ముడిసరుకు) ఆస్తులను కలుపుకోవడంతో అది ప్రపంచంలోనే అతిపెద్ద అల్యూమినియం సంస్థ అయింది. 2008లో ఫోర్బ్స్ పత్రిక ఆయన సంపదను 2,800 కోట్ల డాలర్లుగా లెక్కగట్టి, ప్రపంచ కుబేరులలో తొమ్మిదో స్థానం ఇచ్చింది. ఆ ఏడాదే వచ్చిన ఆర్థిక సంక్షోభంలో అప్పులు మీదపడి, మరుసటి ఏడాది జాబితాలో ఆ సంపద 350 కోట్లకు పడిపోయింది.

రష్యాలో ప్రభుత్వానికీ కుబేరులకూ ఉండే సంబంధం ఎటువంటిదో 2009 జూన్‌లో ప్రపంచమంతా టీవీలో చూసింది. లెనిన్‌గ్రాడ్ ప్రాంతంలోని పికల్యోవో పట్టణంలో జీతాలు రాని కార్మికులు రహదారిని దిగ్బంధించారు. అప్పటి ప్రధాని పుతిన్ అక్కడికి వెళ్లి, కెమెరాల ముందే యజమానులకు చీవాట్లు పెట్టి, ఒప్పంద పత్రంపై సంతకం చేయమని డెరిపాస్కాను పిలిచారు. ఆయన లేచి వచ్చి, కాగితాలు తిరగేసి, సంతకం చేసి వెళ్లబోతుంటే, తన పెన్ను తనకు ఇచ్చి వెళ్లమన్నారు పుతిన్.

ఇక ఆంక్షల సంగతి. 2018 ఏప్రిల్ 6న అమెరికా ట్రెజరీ శాఖలో ఈ వ్యవహారాలు చూసే ఓఫాక్ విభాగం ఆయనను, ఆయన కంపెనీలను జాబితాలో చేర్చింది. క్రైమియా ఆక్రమణ తరువాత 2014లో అధ్యక్షుడు ఒబామా జారీ చేసిన 13661, 13662 ఉత్తర్వులు దానికి ఆధారం. రష్యా ప్రభుత్వంలోని ఉన్నత వ్యక్తి తరఫున పనిచేశారన్నది ఒక కారణం, రష్యా ఇంధన రంగంలో వ్యాపారం చేస్తున్నారన్నది మరొకటి. తనను తాను రష్యా ప్రభుత్వం నుంచి వేరుగా చూసుకోనని ఆయన గతంలో అన్న మాటను, ఆయన వద్ద ఉన్న దౌత్య పాస్‌పోర్టును ఓఫాక్ తన ప్రకటనలోనే ఎత్తిచూపింది.

ప్రశ్న: ఏడాది తిరగకముందే ఆయన ప్రధాన కంపెనీలపై ఆంక్షలు ఎత్తివేసి, ఆయనను మాత్రం జాబితాలోనే ఎందుకు ఉంచారు?

జవాబు: జాబితాలో ఉన్నవారికి సగం లేదా అంతకు మించి వాటా ఉన్న ఏ కంపెనీ అయినా, దాని పేరు విడిగా రాయకపోయినా, ఆంక్షల కిందికి వస్తుందన్నది ఓఫాక్ నియమం. రూసాల్‌ను నియంత్రించే ఎన్‌ప్లస్ సంస్థలో డెరిపాస్కాకు సుమారు 70 శాతం వాటా ఉండేది. ఆంక్షలు ప్రకటించాక హాంకాంగ్ మార్కెట్ తెరిచిన తొలిరోజే రూసాల్ షేరు సగం విలువ కోల్పోయింది. టన్నుకు సుమారు 2,000 డాలర్లున్న అల్యూమినియం ధర రెండు వారాలు తిరగకముందే 2,500 దాటింది. ఐర్లాండ్‌లోని ఆగినిష్ అల్యూమినా కర్మాగారం కూడా రూసాల్‌దే కాబట్టి ఐరోపా పరిశ్రమలు సైతం కంగారుపడ్డాయి. దాంతో అదే నెలలో ట్రెజరీ శాఖ రూసాల్‌తో లావాదేవీలు ముగించుకోవడానికి ఇచ్చిన గడువును పొడిగించి, డెరిపాస్కా పట్టు వదులుకుంటే కంపెనీలను వదిలేస్తామని సూచించింది.

తరువాత నెలల తరబడి బేరసారాలు సాగాయి. ఆయన తన వాటాను 45 శాతం కన్నా తక్కువకు తగ్గించుకోవడానికి, ఓటు హక్కును 35 శాతానికి పరిమితం చేసుకోవడానికి ఒప్పుకున్న మీదట 2019 జనవరి 27న రూసాల్, ఎన్‌ప్లస్ కంపెనీలపై ఆంక్షలు తొలగిపోయాయి. దీనిని అడ్డుకునే తీర్మానం ప్రతినిధుల సభలో 362–53 తేడాతో నెగ్గినా, సెనేట్‌లో 57 ఓట్లు మాత్రమే రావడంతో, కావలసిన 60 దక్కక వీగిపోయింది. కంపెనీలను విడిపించింది కోర్టు తీర్పు కాదు, ఒప్పందం. ప్రభుత్వానికి కావలసింది యజమాని చేతిలో నుంచి పగ్గాలు తీయడమే కాబట్టి, ఆ పని జరిగాక ఆయనను జాబితాలో నుంచి తొలగించవలసిన అవసరం దానికి లేకపోయింది.

ప్రశ్న: ఆయన నేరం చేశారని ఏ కోర్టూ తేల్చలేదు కదా. మరి వాషింగ్టన్ కోర్టులో ఎందుకు ఓడిపోయారు?

జవాబు: ఈ వ్యవహారంలో అన్నిటికన్నా జాగ్రత్తగా అర్థం చేసుకోవలసిన విషయం ఇదే.

2019 మార్చిలో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టులో డెరిపాస్కా దావా వేశారు. ఆంక్షల వల్ల తన సంపదలో 750 కోట్ల డాలర్లకు పైగా తుడిచిపెట్టుకుపోయిందని, తాను అమెరికాలోని రాజకీయ కలహాలకు బలయ్యానని ఆయన వాదించారు. 2018 జనవరిలో ట్రెజరీ శాఖ కాంగ్రెస్‌కు సమర్పించిన రష్యన్ కుబేరుల జాబితాలో 96 పేర్లున్నాయి. ఆ పేర్లు ఫోర్బ్స్ జాబితాను పోలి ఉండడం అప్పట్లోనే విమర్శలకు గురైంది. సంపన్నుడైన రష్యన్ కావడమే నేరమా అన్న ఆయన ప్రశ్నకు ఆ జాబితా కొంత బలం ఇచ్చిందన్నది నిజం.

అయితే జడ్జి అమిత్ మెహతా ముందున్న ప్రశ్న వేరు. ఆంక్ష అన్నది చట్టం దృష్టిలో శిక్ష కాదు, విదేశాంగ విధానంలో ఒక సాధనం. కాబట్టి ఆరోపణ నిజమేనా అని కోర్టు సాక్షులను పిలిచి విచారించదు. ఓఫాక్ ముందున్న దస్త్రాన్ని చూసి, దాని ఆధారంగా ఆ నిర్ణయానికి రావడం సబబేనా, లేక ఇష్టానుసారం చేసిన పనా అన్నంత వరకే పరిశీలిస్తుంది. ఆ దస్త్రంలో పత్రికా కథనాలు, ఇతరులు చెప్పిన మాటలు ఉండవచ్చు. రహస్య సమాచారం ఉంటే, దానిని దావా వేసినవారికి చూపకుండా జడ్జికి మాత్రమే చూపించే వీలు చట్టంలోనే ఉంది. జాతీయ భద్రత విషయంలో ప్రభుత్వ అంచనాకు కోర్టులు చాలా గౌరవం ఇస్తాయి. ఈ కొలమానంతో చూసిన జడ్జి 2021 జూన్‌లో ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పారు. 2022 మార్చిలో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

మా అభిప్రాయం దాచుకోము. ఉన్న చట్టం ప్రకారం తీర్పు సరైనదే కావచ్చు, కానీ ఆ చట్టం వ్యక్తికి ఇచ్చే రక్షణ చాలా పలుచనిది. పికల్యోవోలో పెన్ను వాపసు ఇచ్చిన మనిషిని ప్రభుత్వానికి పనిముట్టుగా చూడవచ్చు, దాని చేతిలో నలిగినవాడిగానూ చూడవచ్చు. రెండిటిలో ఏది నిజమో తేల్చే చోటు ఎక్కడో ఒకటి ఉండాలి. ఓఫాక్ దగ్గర అది లేదు, కోర్టు ఆ పని తనది కాదంది. డెరిపాస్కా మీద జాలిపడనక్కరలేదు. ఆయనకు పెద్ద పెద్ద న్యాయవాదులను పెట్టుకునే స్తోమత ఉంది. ఇదే జాబితాలోకి చేరే చిన్న వ్యాపారికి ఆ స్తోమత ఉండదు, అతని ఆధారాలనూ కోర్టు ఇదే కొలమానంతో చూస్తుంది.

న్యాయపోరాటం పక్కన మరో కథ కూడా నడిచింది. ఆయనను జాబితా నుంచి తప్పించడానికి 2019లో జరిగిన ప్రయత్నాలలో పాలుపంచుకున్న ఎఫ్‌బీఐ మాజీ అధికారి చార్లెస్ మెక్‌గోనిగల్, ఆ తరువాత 2021లో డెరిపాస్కా కోసం ఆయన ప్రత్యర్థి ఒకరిపై ఆరా తీసి, ఆంక్షల ఉల్లంఘన కుట్ర కేసులో నేరం అంగీకరించి 2023 డిసెంబరులో 50 నెలల జైలుశిక్షకు గురయ్యారు. ఆంక్షలను తప్పించుకోవడానికి కుట్ర పన్నారంటూ డెరిపాస్కాపైనే న్యూయార్క్‌లో 2022 సెప్టెంబరులో నేరాభియోగం బయటపెట్టారు. దానిపై విచారణ జరగలేదు.

ప్రశ్న: ఇలాంటి పోరులో గెలిచినవారు ఎవరైనా ఉన్నారా?

జవాబు: ఉన్నారు. సౌదీ వ్యాపారవేత్త యాసిన్ అల్ ఖాదీ కేసు న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివేది. ఉగ్రవాదానికి నిధులిచ్చారన్న అనుమానంతో 2001 అక్టోబరులో అమెరికా, ఐక్యరాజ్యసమితి ఆయనను తమ జాబితాలలో చేర్చగా, ఐరోపా సమాఖ్య కూడా ఆస్తులు స్తంభింపజేసింది. ఆరోపణలను ఆయన మొదటి నుంచీ ఖండించారు. ఆధారాలేమిటో చెప్పకుండా, సమాధానం చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఆస్తులు బిగబట్టడం ప్రాథమిక హక్కులకు విరుద్ధమని, భద్రతామండలి ఆదేశం అన్న ఒక్క కారణంతో దానిని వదిలేయలేమని 2008 సెప్టెంబరు 3న లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. అయినా ఆయనను మళ్లీ జాబితాలో చేర్చారు, ఆయన మళ్లీ కోర్టుకెళ్లారు, 2013 జులైలో అంతిమంగా గెలిచారు. ఈ లోగా భద్రతామండలి ఇలాంటి అర్జీలను పరిశీలించడానికి ఒక అంబుడ్స్‌పర్సన్‌ను నియమించవలసి వచ్చింది. ఆ మార్గంలోనే 2012లో ఐక్యరాజ్యసమితి జాబితా నుంచి ఆయన పేరు పోయింది.

బ్రిటన్‌లో పరిస్థితి అమెరికాకు దగ్గరగా ఉంది. అబ్రమోవిచ్‌కు సన్నిహితుడైన యూజీన్ ష్విడ్లర్ బ్రిటిష్ పౌరుడే అయినా, 2025 జులైలో అక్కడి సుప్రీంకోర్టు 4–1 తేడాతో ఆంక్షలపై ఆయన వేసిన అప్పీలును కొట్టివేసింది. విభేదించిన ఒక్క జడ్జి లార్డ్ లెగట్.

లక్సెంబర్గ్‌లో చరిత్ర సృష్టించిన అల్ ఖాదీ సైతం వాషింగ్టన్ జిల్లా కోర్టులో 2012లో ఓడిపోయారన్నది ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికా జాబితా నుంచి ఆయన పేరు 2014లో తొలగింది, అదీ కోర్టు తీర్పుతో కాదు, ఓఫాక్ నిర్ణయంతో. డెరిపాస్కాకు కూడా మిగిలిన దారి అదే. జాబితాలో చేర్చడానికి తగిన ఆధారం లేదనో, పరిస్థితులు మారాయనో చూపి ఓఫాక్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. న్యూయార్క్ కేసు తేలకుండా ఆ అర్జీ ముందుకు కదలడం మాత్రం కష్టమేనని మా అంచనా.